కర్పూరం ఆర్పిన చెయ్యి

కమలాపురంలో పాపాఘ్ని ఫుట్‌బాల్ క్లబ్బుకు ఓబుళేశు పదకొండేళ్లుగా కోచ్. పేరుకే కోచ్. పొద్దున ఐదింటికి విజిల్ ఊదేది ఆయనే, హాస్టల్ పిల్లలకు జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి తీసుకుపోయేది ఆయనే, మైదానంలో గుంతలు పూడ్చేదీ, బంతులకు గాలి కొట్టేదీ ఆయనే. భార్య నాగలక్ష్మమ్మ అదే హాస్టల్లో ఇరవై ఇద్దరికి వండి వారుస్తుంది. వెనక ఉన్న రెండు గదుల్లో వాళ్ల కాపురం. గూడూ కూడూ ఒకే చేతి నుంచి వస్తున్నాయి. ఆ చెయ్యి క్లబ్బు ప్రెసిడెంటు పెద్దసుబ్బయ్యది.

పెద్దసుబ్బయ్యను చెడ్డవాడని ఎవరూ అనరు. చీనీ (బత్తాయి) తోటలున్న ఇంట్లో పుట్టి, ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలకు లారీలు తిప్పి పైకొచ్చిన మనిషి. ఊరి పిల్లలు ఆడుకోవాలని సొంత పొలంలో మూడెకరాలు చదును చేయించి మైదానంగా ఇచ్చాడు. ఇచ్చిన మనిషి మాట కాదనడం ఎట్లా అన్నదే ఆ క్లబ్బులో అందరికీ ఉన్న జబ్బు.

ప్రతి ఏడూ రాష్ట్ర సంఘం నుంచి క్లబ్బుకు కాగితాలొస్తాయి. అందులో ఒక గడి ఉంటుంది, మైనరు పిల్లల సంక్షేమానికి బాధ్యులెవరు అని. మూడేళ్లుగా ఆ గడిలో ఓబుళేశు పేరు రాసి, ఓబుళేశు చేతనే సంతకం పెట్టించి పంపుతున్నారు. పిల్లల రక్షణకు ఏమేం చెయ్యాలో చెప్తూ కాగితాలతో పాటు వచ్చిన చిన్న పుస్తకంలో ఆయన ఒక్క పేజీ తిప్పలేదు. ఆఫీసు గదిలో నేల చెమ్మగా ఉంటుందని గాలి కొట్టే పంపు కింద వేశాడు. పంపుకు తుప్పు పట్టలేదు. పుస్తకం ఆ మాత్రం ఉపయోగపడింది.

హాస్టల్లో ఒక కట్టుబాటు మాత్రం ఓబుళేశు సొంతంగా పెట్టాడు. సాయంత్రం ఆరింటికి పిల్లలందరూ ఫోన్లు తెచ్చి ఆఫీసు గదిలోని రేకు పెట్టెలో వెయ్యాలి. ఎవరు ఎన్నింటికి వేశారో ఆయన నోటుబుక్కులో రాసుకుని, పెట్టెకు తాళమేసి, తాళాల గుత్తి జేబులో వేసుకుంటాడు. మర్నాడు పొద్దున టిఫిన్ దగ్గర తిరిగిస్తాడు. ఆ పెట్టె అంటే ఆయనకు భలే గర్వం. పిల్లల తల్లిదండ్రులు ఎవరొచ్చినా తెరిచి చూపించేవాడు.

ఒక శనివారం సాయంత్రం, పెట్టెకు తాళమేశాక, ఆ గుత్తి ఆయన జేబు దాటింది. మోకాలి నొప్పికి కట్టు కట్టించుకోవడానికి ఊళ్లోకి పోతుంటే పెద్దసుబ్బయ్య మనవడు భూపేష్ ఎదురొచ్చాడు. ఇరవై రెండేళ్లవాడు, డిగ్రీ మధ్యలో వదిలేసి క్లబ్బుకు మేనేజరునని తిరుగుతున్నాడు.

"సార్, ఆఫీసు రూములో జెర్సీలు చూసుకోవాల. తాళాలు ఈండి" అన్నాడు.

పిల్లల ఫోన్లున్న గది తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వకూడదన్నది ఓబుళేశు పెట్టుకున్న నియమమే. కానీ అడిగింది పెద్దాయన మనవడు. గుత్తి అతని చేతిలో పెట్టి ఆటో ఎక్కాడు.

మర్నాడు తొమ్మిది గంటలకు ఎరువుల అంగడి నరసింహ ఇద్దరు బంధువులను వెంటేసుకుని మైదానంలోకి వచ్చాడు. ఆయన కూతురు హర్షిణి, పదహారేళ్ల పిల్ల, ఆడపిల్లల జట్టుకు గోల్‌కీపరు. నరసింహ చేతిలో ఉన్నది ఆ పిల్ల ఫోను. తండ్రి చదవకూడని మాటలు, ఏ ఆడపిల్లకూ రాకూడని మాటలు, ముందు రోజు సాయంత్రం వరసగా నాలుగు మెసేజులొచ్చి ఉన్నాయి. పంపిన నంబరు యేసుప్రసాద్‌ది.

యేసుప్రసాద్ ఎర్రగుంట్ల పిల్లవాడు, పదహారు దాటి ఆరు నెలలు. ఎడమకాలి ఆటగాడు. అట్లాంటి కాలు పదకొండేళ్లలో ఓబుళేశు చూడలేదు. నెల రోజుల్లో కర్నూల్లో రాష్ట్ర జూనియర్ జట్టుకు ఎంపిక ఉంది. పాపాఘ్ని క్లబ్బు నుంచి ఇంతవరకు ఒక్కడూ ఆ జట్టు మెట్టెక్కలేదు. ఈ పిల్లవాడు ఎక్కుతాడని ఓబుళేశు దేవుణ్ని నమ్మినట్టు నమ్మాడు. కావలసిందల్లా పిల్లవాడి నడవడి మంచిదని క్లబ్బు ఇచ్చే ఒక ఉత్తరం.

నరసింహ చూపించిన ఫోనులో మాటలకంటే ముందు ఓబుళేశు కళ్లు పక్కనున్న టైం మీద పడ్డాయి. ఏడూ ఇరవై రెండు. 'యేసుప్రసాద్, 6.05' అని తన చేత్తో రాసుకున్న అక్షరాలు గుర్తొచ్చాయి. ఏడూ ఇరవై రెండుకు ఆ ఫోను పెట్టెలో ఉంది, తాళాల గుత్తి భూపేష్ దగ్గర ఉంది. లాకు కూడా లేని పాత ఫోను, తండ్రి వాడి వాడి కొడుక్కిచ్చింది. లెక్క అక్కడికక్కడే తేలిపోయింది. తేలిన లెక్కను తేలనట్టు పక్కన పెట్టేయడం తనకు చాతనవునని ఓబుళేశుకు ఆ పొద్దే తెలిసింది.

పంచాయితీ పెద్దసుబ్బయ్య ఇంటి వసారాలో పెట్టారు. పిల్లవాడి ఫోను తెప్పించి చూస్తే అందులో ఆ మెసేజులు లేవు. తుడిచేశాడన్నారు.

"నా బిడ్డ రాత్రి నుంచి అన్నం ముట్టలేదు పెద్దాయనా" అన్నాడు నరసింహ. "మీరు తేల్చండి. లేకుంటే స్టేషనుకు పోతా."

"స్టేషనుకు పోతే ఇద్దరు పిల్లోళ్ల బతుకులూ బజారున పడతాయప్పా. మనమే తేలుద్దాం" అని పెద్దసుబ్బయ్య పిల్లవాడి వైపు తిరిగాడు. "ఏమి రా, పంపినావా?"

"లేదు పెద్దాయనా."

"ఫోను నీదే గదా?"

"నాదే. నేను పంపలేదు. ఆ టైముకు నా ఫోను..." అని యేసుప్రసాద్ ఓబుళేశు వైపు చూశాడు.

భూపేష్ తాత కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. "పెట్టెలో ఉండె అంటాడు తాతా. ఏసినాడో లేదో ఎవరికి తెలుసు? ఏం సార్, నోటుబుక్కులో రాసినారా?" అన్నాడు, చూపు కూడా తిప్పకుండా.

తేలు కుట్టిన దొంగలా నిలబడాల్సింది భూపేష్. ఆ వసారాలో అట్లా నిలబడింది ఓబుళేశు. నిజం చెప్తే ముందు తన తాళాల సంగతి బయటికొస్తుంది, ఆ వెనకే పెద్దాయన మనవడి పేరు వస్తుంది, ఆ మర్నాడు తానూ నాగలక్ష్మమ్మా రెండు గదులు ఖాళీ చేస్తారు. ఇదంతా ఆలోచించడానికి ఆయనకు ఒక్క రెప్పపాటు పట్టింది.

"నిన్న నేను కట్టుకు పోయినా గదా" అన్నాడు. "తొందరలో రాసుకోలేదు."

యేసుప్రసాద్ ఆయన మొహంలోకి చూశాడు. పాసు వస్తుందని పరిగెత్తినవాడు, బంతి రాకపోతే చూసే చూపు అది. తర్వాత తల దించుకున్నాడు. గుమ్మం దగ్గర నిలబడిన మిగతా పిల్లలకు సార్ మాటే మాట.

పెద్దసుబ్బయ్య గొంతు సవరించుకున్నాడు. "మా నాయన కాలం నుంచి ఈడ ఏ తగువైనా ఆంజనేయస్వామి ముందర తెగేదే. బావినీళ్ల వంతులు, గట్టు తగాదాలు, గొర్రెల దొంగతనాలు, అన్నీ. పళ్లెంలో కర్పూరం వెలిగిస్తారు. తప్పు చెయ్యనోడు చేత్తో ఆర్పుతాడు, చేసినోడు వెనక్కి పోతాడు. రేప్పొద్దున పోయి ఆర్పు రా. ఆర్పితే నిన్ను ఒక్క మాట అననీయను."

అది దయ అనే ఆయన అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. ఆ సంగతి తలచుకుంటేనే కడుపు మండుతుంది. కుర్రవాడి పేరు నోటితో పిలుస్తూ కూడా, ఆ పేరేమిటో ఆ వసారాలో ఒక్కరికీ తట్టలేదు.

"మేము ఒట్టు పెట్టుకోము పెద్దాయనా" అన్నాడు యేసుప్రసాద్ మెల్లగా. "ఏ దేవుని ముందరా పెట్టుకోము. మా చర్చిలో కూడా పెట్టుకోము. మా నాయన చిన్నప్పటి నుంచి అదే చెప్పినాడు. పంపలేదంటే పంపలేదు."

నరసింహ వెంట వచ్చిన బంధువు చెప్పులేసుకుంటూ, "ఇంకేముండాది, తేలిపాయ గదా" అన్నాడు. అందరికీ అదే తీర్పులా వినపడింది.

పెద్దసుబ్బయ్య పిల్లవాణ్ని వెంటనే తరిమెయ్యలేదు. రెండు వారాలు గడువిచ్చాడు. మనసు మార్చుకుంటే ఆర్పనీ, లేకపోతే పోనీ అన్నాడు. ఆ రెండు వారాలు యేసుప్రసాద్ మైదానంలోకి దిగకూడదు. పొద్దున అందరూ బంతి వెంట పరిగెత్తుతుంటే గోడ మీద కూర్చుని చూసేవాడు. భోజనాల దగ్గర పిల్లలు కంచాలు జరుపుకున్నారు. అతని ట్రంకు పెట్టె మీద ఎవరో సుద్దముక్కతో ఒక మాట రాశారు. ఆడపిల్లల జోలికి పోయేవాళ్లకు క్లబ్బులో చోటు లేదని భూపేష్ వాట్సాప్ గ్రూపులో పెట్టాడు, దానికి ముప్పై మంది చేతులు జోడించారు. కంచే చేను మేస్తుంటే చూసినవాడు ఒక్కడే ఉన్నాడు, ఆయన నోట్లో మాట లేదు.

"వాని కంచంలో అన్నం అట్లనే ఉంటాంది" అంది నాగలక్ష్మమ్మ ఒక మధ్యాహ్నం. "నువ్వు పెద్దాయనతో ఒక మాట చెప్పరాదా?"

"ఏం చెప్పాల?"

"నాకేం తెలుసు? నువ్వు కోచ్‌వి గదా."

ఓబుళేశు నోటుబుక్కును ట్రంకు పెట్టె అడుగున, పెళ్లినాటి పంచెల కింద దాచాడు. భార్యకు కూడా చెప్పలేదు.

ఆ వారంలోనే హర్షిణి బస్టాండు దగ్గర కనిపించింది. బడి బ్యాగులోంచి గ్లవ్స్ తీసి ఆయన చేతిలో పెట్టింది.

"మా నాయన ఆట మానిపించినాడు సార్. ఇవి క్లబ్బువి."

"ఉంచుకోమ్మా."

"వద్దు సార్." కాసేపు బస్సు రావాల్సిన వైపు చూసింది. "ప్రసాద్ అట్లాంటోడు కాదు సార్. దసరా నుంచి నాకు వేరే ఒకరు మెసేజులు పెడతాండ్రి. ఆ నంబరు బ్లాక్ చేసినా. చేసిన మూడో పొద్దుకు ఇది వచ్చింది. మా నాయనకు చెప్తే, ఆ పేరు ఎత్తొద్దు, ఊర్లో ఉండలేము అన్నాడు."

ఓబుళేశు గ్లవ్స్ వేళ్లు ఒక్కొక్కటీ సరిచేస్తూ నిలబడ్డాడు.

"ఎవరని అడగరా సార్?" అంది ఆ పిల్ల.

"నువ్వు చదువు చూసుకోమ్మా" అన్నాడు ఓబుళేశు. బస్సు వచ్చింది. ఎక్కేటప్పుడు ఆ పిల్ల వెనక్కి చూడలేదు.

గడువు ముగిసే ముందు రోజు ఆయనకు ఒక ఉపాయం తట్టింది. పిల్లవాడు తప్పు చెయ్యలేదని తనకు తెలుసు. తప్పు చెయ్యనివాడు కర్పూరం ఆర్పితే పోయేదేముంది? ఒక్క నిమిషం పని. పిల్లవాడు కర్నూలుకు పోతాడు, నోటుబుక్కు పంచెల కిందే ఉంటుంది, భూపేష్ జోలికి పోనక్కర్లేదు, అందరూ చల్లగా ఉంటారు. ఇంత చక్కని ఉపాయం ముందే తట్టనందుకు తనను తానే తిట్టుకున్నాడు. పిరికివాడికి ఉపాయాలకు కొదవుండదు.

గోడ మీద పిల్లవాడి పక్కన కూర్చున్నాడు. "కర్నూలు ఇంక రెండు వారాలే రా. చెయ్యి అట్ల పెట్టి ఇట్ల తీస్తే అయిపాయ."

"మా నాయనకు తెలిస్తే సార్? ఆయన మా చర్చి సంఘంలో పెద్ద."

"మీ నాయనకు నేను చెప్తా. నేనే చేయించినా అని చెప్తా."

"మీరు చెప్తారా సార్?"

"చెప్తా అంటి గదా."

యేసుప్రసాద్ మైదానం వైపు చాలాసేపు చూశాడు. అవతల గోలు దగ్గర పిల్లలు పెనాల్టీలు కొట్టుకుంటున్నారు. "సరే సార్" అన్నాడు. తనను నమ్మి అన్నాడా, కర్నూలు కోసం అన్నాడా, ఆయన ఆలోచించలేదు. ఒప్పుకున్నాడు, అదే చాలు అనుకున్నాడు.

శనివారం పొద్దున ఆంజనేయస్వామి గుడిలో ఒక ఇరవై మంది చేరారు. పూజారి ఇత్తడి పళ్లెంలో కర్పూరం ముద్ద వెలిగించాడు. ఆ పని తెలిసినవాళ్లు అరచేత్తో ఒక్క దెబ్బ కొట్టి చెయ్యి తీసేస్తారు, వేడి తగిలేలోగా మంట ఆరుతుంది. ఈ పిల్లవాడికి అది ఎవరు చెప్పారు? బతుకులో ఎప్పుడూ గుళ్లో కాలు పెట్టలేదు. కుడి అరచెయ్యి మంట మీద ఆనించి, అట్లాగే ఉంచాడు. ఎంతసేపు ఉంచాలో తెలియక పూజారి మొహంలోకి చూస్తూ ఉంచాడు. కాలిన వాసన వచ్చాక పూజారే ఉలిక్కిపడి చెయ్యి లాగాడు. అరచెయ్యంతా తెల్లగా పొంగింది. పిల్లవాడు అరవలేదు. ఎట్లా ఆర్పాలో చెప్పే పనన్నా తాను చెయ్యలేదని ఓబుళేశుకు అప్పుడు తట్టింది.

"ఇంక సరిపాయ గదా" అన్నాడు పూజారి.

"యాడ సరిపాయ?" అన్నాడు భూపేష్. "ఆ పొద్దు ఒట్టు పెట్టుకోము అన్నాడు, ఈ పొద్దు పెట్టుకున్నాడు. కర్నూలు సెలక్షను ఉండాదనే గదా తాతా."

"అయినా వాళ్ల దేవుడు కాదు గదా" అన్నాడు నరసింహ బంధువు. "వానికేం భయం?"

పెద్దసుబ్బయ్య గడ్డం నిమురుకుంటూ ఆలోచించాడు. తాను పెట్టిన పరీక్షే అది. పిల్లవాడు నెగ్గాడు. కానీ ఇరవై మంది మొహాలు వేరేగా ఉన్నాయి, కుర్చీ వెనక నిలబడే మనవడు వేరేగా చెప్తున్నాడు. "మా నాయన చెప్తాండె" అన్నాడు చివరికి. "కర్పూరం ముందర మొదటి మాటే మాట. మొదటిసారి వెనక్కి పోయినోడు పోయినట్టే." ఆ నియమం తండ్రి పెట్టిందో, ఆ నిమిషంలో పుట్టిందో ఎవరూ అడగలేదు.

అప్పుడన్నా ఓబుళేశు నోరు తెరవాలి. తెరిచాడు కూడా.

"పెద్దాయనా" అన్నాడు.

"ఏమప్పా?"

అందరూ ఆయన వైపు తిరిగారు. భూపేష్ కూడా తిరిగాడు.

"పిల్లోని చెయ్యి కాలింది. ఆస్పత్రికి పిలుచుకపోతా" అన్నాడు ఓబుళేశు.

సోమవారం ఉత్తరం తయారైంది. రెండే వాక్యాలు. క్రమశిక్షణ కారణాల వల్ల యేసుప్రసాద్‌ను క్లబ్బు నుంచి తొలగించడమైనది, ఎంపికలకు క్లబ్బు తరఫున పంపడం లేదు. కింద రెండు సంతకాల చోటు. ఒకటి ప్రెసిడెంటుది. రెండోది, పిల్లల సంక్షేమానికి బాధ్యులైన వారిది. పెద్దసుబ్బయ్య పెన్ను ఇచ్చాడు. ఓబుళేశు పెట్టాడు.

పిల్లవాణ్ని తీసుకుపోవడానికి తండ్రి జ్ఞానరాజు వచ్చాడు. ఎర్రగుంట్లలో సిమెంటు మూటలు దించే మనిషి, కనుబొమల్లో కూడా బూడిద రంగు. మొదట కొడుకు చేతికున్న కట్టు చూశాడు. ఏమైందని అడిగాడు. పిల్లవాడు చెప్పాడు, చెప్పి ఓబుళేశు వైపు చూశాడు.

"వాడు ఆ పాడు పని చేసినాడా అని నేను అడగను సార్" అన్నాడు జ్ఞానరాజు. "చెయ్యలేదని నాకు తెలుసు. ఒట్టు పెట్టించింది ఎవరు?"

గోడ మీద కూర్చుని ఇచ్చిన మాట అప్పటికి మూడు దినాలది.

"పెద్దమనుషులు అట్ల అనుకున్నారప్పా" అన్నాడు ఓబుళేశు.

జ్ఞానరాజు తల ఊపాడు. "మా సంఘంలో ఆదివారాలు నేను వాక్యం చదువుతాంటి సార్. ఇంక చదవను. ఇంట్లో పిల్లోన్నే నిలబెట్టుకోలేనోణ్ని." కొడుకును ఒక్క మాట అనలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. ట్రంకు పెట్టె తానే నెత్తికెత్తుకుని ముందు నడిచాడు, పిల్లవాడు కట్టు కట్టిన చేతిని రొమ్ముకు ఆనించుకుని పది అడుగుల వెనక నడిచాడు. నాగలక్ష్మమ్మ వాకిట్లో నిలబడి ఏడ్చింది. ఓబుళేశుకు ఏడుపు కూడా రాలేదు.

కర్నూలుకు నలుగురు పిల్లలను తీసుకుపోయాడు. భూపేష్ కూడా వచ్చి స్టేడియంలో ఫోటోలు దిగాడు. నలుగురిలో ఒక్కరూ ఎంపిక కాలేదు. ఎడమవైపు ఆడేవాళ్లు ఎవరన్నా ఉన్నారా అని అక్కడి సెలెక్టరు ఓబుళేశును పనిగట్టుకుని అడిగాడు. లేరని చెప్పాడు. మర్నాడు, శనివారం, తిరిగొస్తుంటే ఎర్రగుంట్లలో బస్సు ఆగింది. మీరు పదండి, నేను వెనక వస్తా అని ఓబుళేశు దిగిపోయాడు.

యేసుప్రసాద్ ఇంట్లో లేడు. రోడ్డు వారన నాపరాళ్ల పాలీషు ఫ్యాక్టరీలో పనికి పోతున్నాడని చెప్పారు. రేకుల షెడ్డు కింద మిషన్లు చెవులు పగిలేలా తిరుగుతున్నాయి. రాళ్లు అరగదీసిన తెల్లటి బురదనీళ్లలో మడమల దాకా నిలబడి, పిల్లవాడు రాతి పలకలు ఎత్తి గోడకు ఆనిస్తున్నాడు. కాలిన చేతి చర్మం ఎర్రగా బిగుసుకుని ఉంది. ఆ చేతి వేళ్లు పూర్తిగా తెరుచుకోవడం లేదు, పలకను ముంజేత్తో పట్టుకుంటున్నాడు.

ఆయన్ను చూసి బయటికి వచ్చాడు. "కర్నూల్లో గ్రౌండు ఎట్ల ఉండాది సార్?" అన్నాడు. మొదటి మాట అదే. "గడ్డి ఉండాదా?"

"ఉండాది."

"అంతటా?"

"అంతటా ఉండాది రా." ఓబుళేశు తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "పై ఏడు మళ్లీ సెలక్షన్లు ఉంటాయి. చూద్దాం."

యేసుప్రసాద్ కాలి మీది బురద గోక్కున్నాడు. "సార్, అందరూ పంపినావా పంపినావా అని అడిగిరి. ఆ పొద్దు ఏం జరిగింది రా అని ఒక్కరూ అడగలేదు. మీరన్నా అడుగుతారనుకున్నా."

"ఏం జరిగింది?" అన్నాడు ఓబుళేశు. నెల రోజులు ఆలస్యంగా.

"ఆరూ ఐదుకు ఫోను పెట్టెలో ఏసినా. మీరు రాసుకుంటాంటే చూసినా. తర్వాత కొళాయి కాడ కాళ్లు కడుక్కుంటాంటి. మీరు భూపేష్ అన్నకు తాళాలు ఇచ్చింది కూడా చూసినా."

మిషను శబ్దం ఒక్కసారిగా తనలోంచి వస్తున్నట్టు అనిపించింది ఓబుళేశుకు. "మరి పెద్దాయన ముందర ఎందుకు చెప్పలేదు?"

"చెప్దామనే నోరు తెరిస్తి. మీరు రాయలేదంటిరి. అప్పుడు అర్థమాయ సార్. చెప్తే మిమ్మల్నీ అమ్మనూ ఆడ ఉండనీయరు. ఈ వయసులో యాడికి పోతారు మీరు?" అన్నాడు. "మీరే ఒక పొద్దు చెప్తారులే అని చూసినా."

పిల్లవాణ్ని కాచాల్సిన క్లబ్బులో ఇంతమంది పెద్దవాళ్లున్నారు. ఒక్కరూ కాచలేదు. ఆ పిల్లవాడు మాత్రం ఒక ముసలాయన్నూ ఆయన భార్యనూ కాచాడు, అరచెయ్యి కాల్చుకుని మరీ కాచాడు. ఓబుళేశు అతని భుజం మీద చెయ్యి వెయ్యబోయి, వెయ్యలేక దించుకున్నాడు.

"నేను చెప్తా రా" అన్నాడు. "ఈ మాపే పోయి పెద్దాయనకు చెప్తా. నోటుబుక్కు ఉండాది, చూపిస్తా."

"సరే సార్" అన్నాడు యేసుప్రసాద్. ఇంకో పది రౌండ్లు పరిగెత్తమంటే అనేవాడే, ఆ గొంతుతో అన్నాడు. లోపల్నుంచి ఎవరో కేకేశారు. మళ్లీ బురదలోకి దిగిపోయాడు.

ఐదున్నరకు ఓబుళేశు కమలాపురంలో బస్సు దిగాడు. దారంతా మాటలు కూర్చుకుంటూనే వచ్చాడు. పెద్దసుబ్బయ్య వసారాలో కూర్చుని చీనీకాయలు గంపలకెత్తిస్తున్నాడు.

"ఏమప్పా ఓబుళేశూ, కర్నూలు ఏమాయ?"

"ఎవరూ కాలేదు పెద్దాయనా."

"పోనీలే, పై ఏడు చూద్దాం. మొగమేమి అట్ల ఉండాది? ఏమన్నా చెప్పాల్నా?"

కూర్చుకున్న మాటలన్నీ నాలుక మీదే ఉన్నాయి. పెద్దసుబ్బయ్య నాలుగు పండు చీనీకాయలు ఏరి ఆయన చేతిలో పెట్టాడు. "నాగలక్ష్మమ్మకు ఈయప్పా" అన్నాడు.

"ఏం లేదు పెద్దాయనా. మోకాలు నొప్పి" అన్నాడు ఓబుళేశు.

హాస్టల్ చేరేసరికి ఆరు కావస్తోంది. పిల్లలు ఫోన్లు పట్టుకుని వరసలో నిలబడి ఉన్నారు. ఆయన కొత్త నోటుబుక్కు తీసి ఒక్కొక్క పేరూ రాసుకున్నాడు, టైం వేసుకున్నాడు, ఇరవై ఒక్క ఫోన్లు పెట్టెలో వేసి తాళం బిగించాడు. బయటికొస్తే గుమ్మం దగ్గర భూపేష్ నిలబడి ఉన్నాడు.

"శనివారం గదా సార్, మీరు కట్టుకు పోవాల" అన్నాడు, చెయ్యి చాపి. "తాళాలు ఈండి. నేను ఉంటా."

కొళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటున్న పిల్లలిద్దరు తలెత్తి చూశారు. ఓబుళేశు వాళ్లను చూశాడు. వాళ్లు తనను చూస్తున్నారని కూడా చూశాడు. జేబులోంచి గుత్తి తీసి భూపేష్ చేతిలో పెట్టి, కుంటుకుంటూ ఆటో దగ్గరికి నడిచాడు.